గయలో వదిలేసిన ఇటలీ కారు

పర్సుడీహ్, జంషెడ్‌పూర్
6 అక్టోబరు 2024

నా కొంపకి నిప్పంటించి బొబ్బిలిలో చల్లగా కూర్చున్న బావమరిది గౌరీశంకర్‌కి,

మేమిక్కడ క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ అక్క క్షేమం. ఆవిడ ఎప్పుడూ క్షేమమే. నా సంగతే బాగాలేదు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై నాలుగేళ్ళు రోలింగ్ మిల్లు పక్కన గ్యారేజీలో పనిచేసిన చెవులివి. ఫోను స్పీకర్లో పెడితే తప్ప నాకు ముక్క వినబడదు. స్పీకర్లో పెడితే నాకంటే ముందు మీ అక్కకీ, ఆవిడ తర్వాత పక్కింటి గౌరీదేవికీ, ఆ తర్వాత మా లైన్ మొత్తానికీ వినబడుతుంది. వాట్సాప్‌లో రాద్దామంటే నా ఫోను పొద్దస్తమానం మీ అక్క చేతిలోనే, భజనలు పాడుతూ ఉంటుంది. అందుకని ఆటో ఎక్కి బిష్టుపూర్ పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొనుక్కొచ్చాను. జవాబు నువ్వూ ఉత్తరంలోనే రాయి. ఇంటికి రాయకు. నా పాత స్నేహితుడు అప్పలసూరి లేత్ షాపు చిరునామా కవరు వెనకాల రాశాను, దానికి రాయి.

గయలో నువ్వు చేసిన పని ఏమైనా బాగుందా?

మనవాళ్ళెవరైనా గయకి వెళ్తే ఏం చేస్తారు? పిండాలు పెట్టాక, ఇష్టమైనది ఏదో ఒకటి వదిలేయమని పండా, అదే అక్కడి పురోహితుడు, అడుగుతాడు. మనం తెలివిగా ఇంటి దగ్గరే ఆలోచించుకుని, మనకి బొత్తిగా పడనిది వదిలేసి వస్తాం. మా నాన్న కాకరకాయ వదిలేశాడు. మా పెదనాన్న చెరుకు వదిలేశాడు, అప్పటికి ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. నువ్వు సొరకాయ వదిలేశావు. ఇంట్లో సొరకాయ వండిన రోజు నువ్వు పక్కింట్లో భోంచేసేవాడివని పితృదేవతలకి తెలియదనుకున్నావా? నేనూ కాకరకాయ అని చెబుదామనే వెళ్ళాను. నోరు తెరిచేలోపు మీ అక్క పండాతో హిందీలో గడగడా చెప్పేసింది, ఈయన ప్రాణమంతా ఎర్ర కారు మీద ఉంది, దాన్ని వదిలించండి అని. పండా నీ వైపు చూసి నిజమేనా అన్నాడు. నువ్వు గంగిరెద్దులా తలూపావు. పాపం ఆ పండా పుట్టి బుద్ధెరిగాక కాకరకాయలే విన్నాడు, కారు వినలేదు. ఆనందంతో నా దోసిట్లో నీళ్ళు పోసి మంత్రం చదివేశాడు.

ఆ బండి సంగతి నీకు కొత్త కాదు గానీ, కడుపుమంట కొద్దీ మళ్ళీ చెబుతున్నాను. మిల్లు బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన ఇంజినీరు తెచ్చుకున్న బండి అది. రెండే సీట్లు, ఆరు సిలిండర్లు, కాలు పెడితే కన్నుమూసి తెరిచేలోగా వందకెళ్తుంది. ప్రపంచం మొత్తం మీద అలాంటివి నూట పన్నెండే తయారయ్యాయట. ఆయన వెళ్ళిపోయాక కాంట్రాక్టరు యార్డులో దాని సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతుంటే తుక్కు కింద నేను కొన్నాను. కాగితాలు నా పేరు మీదికి తిరగడానికి మూడేళ్ళు, ఇంజను తిరగడానికి పదకొండేళ్ళు పట్టింది. తలుపు హ్యాండిలు సాక్చి పాత సామాన్ల బజారులో దొరికింది, పిస్టన్ రింగులు అప్పలసూరి తన లేత్ మీద తిప్పి ఇచ్చాడు. ఏటా సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు దాన్ని బయటికి తీసి మీ అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాను. నాకు చెవి ఆనించకుండా వినబడే చప్పుడు ఈ లోకంలో ఆ ఇంజనొక్కటే.

ఇప్పుడు వదిలేసిన వస్తువు ఇంట్లో ఉండకూడదంటోంది మీ అక్క. అందులో కూర్చోవడం మాట దేవుడెరుగు, గుడ్డ పెట్టి తుడవనైనా తుడవనివ్వడం లేదు. అందుకని నేనొక ఉపాయం చేశాను. మా వీధి చివర త్రేసమ్మ టీచరు కాళ్ళలో బలం లేని పిల్లలకి వ్యాయామ కేంద్రం నడుపుతోంది చూడు, ఆవిడకి దానం చేసేస్తున్నాను. ఆవిడ దాన్ని అమ్మి పిల్లల కోసం వ్యాను కొనుక్కుంటానంది. కొనుక్కోనీ. స్టార్టు కాని బండిని ఎవడు కొంటాడు? ప్లగ్గులకి కరెంటు పంచే చిన్న నల్ల ముక్క ఉంటుంది, రోటర్ అంటారు. అది నిన్న ఊడదీసి జేబులో వేసుకున్నాను. బండి త్రేసమ్మ గారి ఆవరణలో పడుంటుంది, నేను రోజూ వెళ్ళి చూసుకుంటాను. మొక్కూ చెల్లినట్టే, బండీ ఉన్నట్టే.

మీ అక్కకి ఈ ముక్క తెలిసిందో, బొబ్బిలి వచ్చి నీ జిరాక్స్ మిషనులో నీ వేళ్ళు పెడతాను.

ఇట్లు, నిలువునా దోపిడీకి గురైన మీ బావ,
ఆదిబాబు


బొబ్బిలి
17 అక్టోబరు 2024

బావగారికి రెండు నమస్కారాలు. ఒకటి మీకు, రెండోది మీ జేబులో ఉన్నదానికి.

నేను గయలో తలూపానన్నారు. ఊపలేదు. రైల్లో పై బెర్తు మీద పడుకుని మెడ పట్టేసింది. పండా అది ఔననడం అనుకుంటే నా తప్పా?

మీరు రాసింది చదివి భయమేసి, మా వీధి పురోహితుణ్ణి మీ పేరెత్తకుండా అడిగాను. ఇచ్చినదాన్ని మళ్ళీ లాక్కుంటే దత్తాపహారం అంటారట. అది చేసినవాడు వచ్చే జన్మలో బల్లిగా పుడతాడట. మరి మొత్తం ఇచ్చి కాస్త దాచుకుంటే ఏమవుతుందండీ అన్నాను. ఆయన పంచాంగం తిరగేసి, తోక లేని బల్లి అన్నాడు. ఆవునిచ్చి పొదుగు జేబులో వేసుకున్న దాతని మిమ్మల్నే చూస్తున్నాను బావా.

నా గతి మీకంటే హీనంగా ఉంది. సొరకాయ వదిలేసినప్పటి నుంచీ దాని మీదకే మనసు పోతోంది. మొన్న ఎదురింటివాళ్ళు సొరకాయ పులుసు కాస్తుంటే నోట్లో నీళ్ళూరి, షాపు కట్టేసి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. మీ చెల్లెలు రోహిణి చూసి, "ఏటండీ, పితృదేవతలకి సెప్పీమంటారేటి?" అంది. పండాకి మనిషి గుట్టు తెలుసు.

అక్కకి మాత్రం ఒక్క ముక్క చెప్పను. ఒట్టు. జిరాక్స్ మిషను మీద ఒట్టు.

మీ మెడ సరిగా లేని బావమరిది,
గౌరీశంకర్


పర్సుడీహ్
24 నవంబరు 2024

మెడకి మందు రాసుకోవలసిన గౌరీశంకర్‌కి,

దానం జరిగిపోయింది. ఈ నెల పదో తేదీ ఆదివారం పదకొండు మంది కలిసి బండిని తోసుకుంటూ తీసుకెళ్ళారు. ముప్పై ఏళ్ళు వీధిలో సింహంలా గర్జించిన బండిని ముసలి గేదెని తోలినట్టు తోస్తుంటే, వెనకాల నడిచినవాణ్ణి నేను. మనవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు, త్రేసమ్మ గారి వాళ్ళు ప్రార్థన చేశారు. నాకు శాలువా కప్పారు. "ప్రాణంతో సమానమైనదాన్ని పిల్లలకిచ్చిన మనిషి" అని త్రేసమ్మ గారు మైకులో అంటుంటే నా జేబు పెనంలా కాలింది. మీ అక్క మొదటి వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

తర్వాత వారం కలకత్తా నుంచి సూరజ్ అనే కుర్రాడొచ్చాడు. పాత బండ్లు కొని దాచుకునే జబ్బున్న బాపతు. చేతులకి గ్లౌజులు, నెత్తికి లైటు. బానెట్ తెరిచి అర నిమిషం చూశాడో లేదో, "ఇస్‌మే రోటర్ నహీఁ హై" అన్నాడు, ఇందులో రోటర్ లేదని. అందరూ నా వైపు చూశారు. గుమ్మడికాయల దొంగలా నా చెయ్యి దానంతటదే జేబు మీదకి వెళ్ళింది. ఛాతీ నొప్పేమోనని త్రేసమ్మ గారు మంచినీళ్ళిచ్చారు. ఇటలీ నుంచి తెప్పించాలి, నెలలు పడుతుంది, దొరికాక చూద్దాం అని సూరజ్ వెళ్ళిపోయాడు. నా ప్రాణం కుదుటపడింది.

ఎంతసేపు? ఆదివారానికల్లా త్రేసమ్మ గారు చర్చిలో ప్రార్థన పెట్టించారు. ఊళ్ళో ఉన్న తెలుగు క్రైస్తవులంతా మోకాళ్ళ మీద కూర్చుని, ప్రభువా, మా బండికి రోటర్ దయచేయుము అంటున్నారట. ఆవిడకి ఆ వ్యాను ఎందుకంత అవసరమో నేను ఇన్నాళ్ళూ సరిగా చూడలేదు. పోట్కా వైపు పల్లెల నుంచి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని రెండు ఆటోలు మారి వస్తారు. వాన పడిన రోజు సగం మంది రారు. రాకపోతే ఆ వారం చేసిన కసరత్తు పోయినట్టే.

ఇంకోటి కూడా జరుగుతోంది. పిల్లలు నా బండి ఎక్కేశారు. తనుశ్రీ అని ఆరేళ్ళ పిల్ల ఉంది, ఎడమకాలు ఆనదు. కసరత్తు బల్ల ఎక్కిస్తే ఏడ్చి ఊరెత్తుకునేది. ఇప్పుడు పొద్దున్నే వచ్చి సీట్లో కూర్చుని క్లచ్ తొక్కుతుంది. ఆ క్లచ్ నేను తొక్కితేనే పిక్క పట్టేస్తుంది. ఆ పిల్ల రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, పళ్ళు బిగించి తొక్కుతుంది. ముందు వేలెడు దిగేది, ఇప్పుడు బెత్తెడు దిగుతోంది. మిగతావాళ్ళు వరసలో నిలబడి గొడవ. నేను లోపల కూర్చోకూడదు కదా, పక్కన స్టూలేసుకుని, "క్లచ్ తొక్కు! గేరు మార్చు! వదులు!" అని అరుస్తాను. బండి చప్పుడు లేదేమని పిల్లలు అడిగారు. ఏం చెప్పను? నోటితో చేస్తున్నాను. ఒకటో గేరులో ఒక చప్పుడు, మూడో గేరులో ఇంకో చప్పుడు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాక బతుకు ఇలా తయారైంది. పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా నేనే ఇంజను.

గొంతు పోయిన మీ బావ,
ఆదిబాబు


బొబ్బిలి
5 డిసెంబరు 2024

ఆరు సిలిండర్ల బావగారికి,

మీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాం. చాం అన్నానా? చచ్చాను. రోహిణికి చూపించలేదు.

మీ బాధ చూడలేక నా వంతు సాయం నేను చేసేశాను. ఆ సూరజ్ నెంబరు అక్కని ఊరికే మాటల్లో అడిగి తీసుకుని ఫోన్ చేశాను. నేను విశాఖపట్నం నుంచి చిన్నారావుని, నాకూ పాత బండ్ల పిచ్చి, ఆ ఇటలీ బండి నేను బేరమాడేశాను, రోటర్ కూడా నా దగ్గరుంది, మీరిక శ్రమపడకండి అని ఇంగ్లీషులో, హిందీలో, కాస్త ఒడియాలో కూడా చెప్పాను. కుర్రాడు బుద్ధిగా విన్నాడు. థాంక్యూ సార్ అని పెట్టేశాడు. ఇక ఆ వైపు తొంగి చూడడు. నిశ్చింతగా ఇంజను చప్పుడు చేసుకోండి.

మా ఇంటి పెరట్లో సొరపాదు దానంతటదే మొలిచింది. రోజూ దాన్ని చూసి దణ్ణం పెట్టుకుంటున్నాను.

మీ మేలుకోరే
గౌరీశంకర్


పర్సుడీహ్
17 డిసెంబరు 2024

మేలు కోరకయ్యా బాబూ నువ్వు. నీ కాళ్ళు పట్టుకుంటాను, కోరకు.

పాత బండ్ల పిచ్చోడికి ఇంకో పిచ్చోడు పోటీకొచ్చాడని చెబితే ఏమవుతుందో నీకు తెలియదా? కొరివితో నా తల గోకావు. మర్నాడే సూరజ్ కలకత్తా నుంచి పరుగెత్తుకొచ్చాడు. రోటరూ వద్దు, స్టార్టూ కానక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయండి, చక్రాల కుర్చీలు ఎక్కే ర్యాంపుతో సహా కొత్త వ్యాను తెచ్చి గుమ్మంలో పెడతాను అన్నాడు. త్రేసమ్మ గారు అక్కడే కూర్చుని ఏడ్చేసింది. "చూశారా ఆదిబాబు గారూ, రోటర్ అడిగితే దేవుడు వ్యానే పంపాడు" అంది. నేనూ ఏడ్చాను. ఆవిడ అది ఆనందం అనుకుంది.

జనవరి పద్దెనిమిదిన పట్టుకుపోతాడు. నిజం చెబుతున్నాను, పిల్లలకి వ్యాను రావాలనే ఉంది నాకు. బండి పోకూడదనీ ఉంది. రెండూ ఒకే గుండెలో ఉంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు, సొరకాయగా! వాడు బండి పట్టుకుపోయినా ఈ ముక్క మాత్రం నా దగ్గరే ఉంచేసుకుంటాను. ఇది లేకుండా కలకత్తాలో వాడి షెడ్డులో నోరు లేకుండా పడుండనీ. నాకు వినబడనిది ఇంకెవరికీ వినబడక్కర్లేదు.

ఈసారి సంతకం పెట్టడం లేదు. కోపం.


బొబ్బిలి
28 డిసెంబరు 2024

కోపిష్టి బావగారికి,

చెంపలేసుకుంటున్నాను. గోటితో పోయేదానికి నేనే గొడ్డలి తెచ్చాను, ఒప్పుకుంటాను.

ఒక్కటి మాత్రం చనువు కొద్దీ అడుగుతాను. మీరు వేళాకోళం అనుకోవద్దు. ఆ ముక్క ఉంచుకుంటే అది మీకు పనికొస్తుందా? దేవుడి గూట్లో పెట్టి దానికి రోజూ హారతిస్తారా? మీ ఇష్టం. నేను చిన్నవాణ్ణి.

అక్క ఎలా ఉంది? ఆవిడకి కాస్త తిన్నగా జవాబు చెబుతూ ఉండండి. ఆవిడ నాకు ఫోన్ చేసినప్పుడు వెనకాల వినబడుతోంది, మీరు ఆవిడ అడిగినదానికి కాక మీకు వినబడినదానికి జవాబు చెబుతున్నారు.

గౌరీశంకర్


పర్సుడీహ్
20 జనవరి 2025

ఒరేయ్ దొంగ గౌరీశంకర్,

శనివారం జరిగింది మొదటి నుంచీ చెబుతాను, కుదురుగా కూర్చుని చదువు.

పదింటికి తెల్లటి వ్యానొచ్చింది, వెనకాల నా బండిని ఎక్కించుకుపోవడానికి లారీ వచ్చింది. తల్లులు వ్యాను ర్యాంపు మీద చెయ్యి వేసి నిమురుతున్నారు. త్రేసమ్మ గారు లడ్డూలు పంచుతున్నారు. తనుశ్రీ మాత్రం నా బండిలోంచి దిగనంది. వాళ్ళమ్మ లాగుతుంటే స్టీరింగ్ పట్టుకుని నన్నడిగింది. "దాదూ, అస్లీ గాడీ భీ ఐసే హీ బోల్తీ హై క్యా, జైసే ఆప్ బోల్తే హో?"

అసలు బండి నాలాగే అరుస్తుందా అని అడుగుతోంది. రెండు నెలలు నా నోటి చప్పుడు నమ్మి క్లచ్ తొక్కిన పిల్ల. ఇంత చిన్న ముఖం పెట్టుకుని నిజం అడిగితే, ఇక నా వల్ల కాలేదు. అందరి ముందూ జేబులోంచి రోటర్ తీశాను.  బానెట్ ఎత్తి దాని చోట దాన్ని పెట్టి మూత బిగించాను.  సూరజ్ నోరు తెరిచేశాడు. త్రేసమ్మ గారు నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అంది. "మా సంఘమంతా వారాల తరబడి మోకరించాం ఆదిబాబు గారూ. ప్రభువు దీన్ని ఇంత దగ్గర పెట్టాడని అనుకోలేదండి." నేలలోకి కుంగిపోవాలనిపించింది. బల్లిగానైనా పుడదాం గానీ ఆ నిమిషం మళ్ళీ వద్దు.

తనుశ్రీ క్లచ్ తొక్కి పట్టుకుంది, అడుగంటా తొక్కింది. నేను బయటే నిలబడి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. మూడోసారికి అందుకుంది. ఆ చప్పుడు! గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి, పిల్లలు చెవులు మూసుకుని కేకలు. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు. ఎలా ఉందే అని అడిగితే ఆ రాకాసి ఏమందో తెలుసా? "ఆప్ వాలా జ్యాదా అచ్ఛా థా." నాదే బాగుందట. ముప్పై ఏళ్ళ కష్టం!

అప్పుడు సూరజ్ నాకు దణ్ణం పెట్టి, "ఉస్తాద్, ఏక్ చక్కర్ లగా లీజియే" అన్నాడు. ఒక్క చుట్టు, ఆఖరిసారి. పిల్లని వాళ్ళమ్మకి అందించి తలుపు మీద చెయ్యి వేశాను. మీ అక్క వచ్చి బానెట్‌కి అడ్డంగా నిలబడేసరికి సూరజ్ ఇంజను ఆపాడు.

మొక్కు సంగతి నాకు తెలుసు, కావాలంటే ఇంకోసారి గయ వెళ్ళి కాకరకాయ కూడా కలిపి వదిలేస్తాను, తప్పుకో అన్నాను. మీ అక్క కదల్లేదు.

"మొక్కూ కాదు, నా మొహమూ కాదు. విశ్వకర్మ పూజనాడు స్టేషన్ రోడ్డులో లారీవోడు ఎంతసేపు హారను కొట్టీడో మీకు తెల్సునేటి?"

ఏ లారీ అన్నాను.

"అదీ సంగతి. ఏ లారీ అంతన్నారు. నా మోచెయ్యి రాసుకుని ఎల్లిపోయింది. మీరేటో పాట పాడుకుంతన్నారు."

నీకు తెలుసుగా, ఆ బండికి స్టీరింగ్ ఎడమవైపు. కుడివైపు కూర్చునేది మీ అక్క, దాటి వెళ్ళే లారీలన్నీ ఆవిడ పక్క నుంచే వెళ్తాయి. నాకు ఆ రోజు ఇంజను ఒక్కటే వినబడింది, ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. పక్కన కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టి ఇంటిదాకా వచ్చిందని నాకు తెలియనే తెలియదు.

"డాక్టరు సెవుల సంగతి సెప్తే డాక్టరుకే సెవుడన్నారు. నాను సెప్తే ఇంతారేటి? అందుకే దేవుడి సేత సెప్పించాను. గయకెల్లే రైల్లోనే తమ్ముడితో అన్నాను."

అదన్నమాట నీ మెడనొప్పి! విశాఖపట్నం చిన్నారావు కూడా నా మీద జాలితో పుట్టలేదన్నమాట. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి, మొగుణ్ణీ బావనీ చంటిపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించారు. నీ జిరాక్స్ షాపుకి వస్తాను, ఉండు.

అయినా నేను బింకం వదల్లేదు. తలుపు మీది చెయ్యి తియ్యలేదు.  మీ అక్క నా దగ్గరికొచ్చి, నేల చూపులు చూస్తూ, నా చెవి పక్కనే చాలా మెల్లగా ఒక మాట అంది. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏటీ? వినబడలేదు" అన్నాను.

మీ అక్కకి ఒళ్ళు మండింది. తల్లులు, పిల్లలు, త్రేసమ్మ గారు, లారీ క్లీనరు, గోడ అవతల గౌరీదేవి, అందరికీ వినబడేలా గొంతెత్తి అరిచింది. "మీకేటైనా అయితే నా బతుకేటైపోవాలి అన్నానయ్యా!"

నిజానికి మొదటిసారే వినబడింది. నలభై మూడేళ్ళ కాపురంలో ఆవిడ ఎన్నడూ అనని మాట, ఒక్కసారి వింటే సరిపోతుందా? రెండోసారి కూడా విన్నాక తాళం తీసుకెళ్ళి సూరజ్ చేతిలో పెట్టాను.

మీ అక్క మొగుడు,
ఆదిబాబు